అడ్డంగా దాటేవారిని పొడవునా నడిపించిన బాట: ఏటిగట్టు మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గోదావరి డెల్టాలో ఒక నదీపాయ పక్కనున్న చిన్న పట్టణం ఇది. ఏటిగట్టు మీద సుమారు రెండు కిలోమీటర్ల పొడవున మునిసిపాలిటీ ఒక బాట వేసింది. నడిచేవారు, పరుగెత్తేవారు, సైకిళ్ళవారు అందరూ కలిసి వాడుకోవాలన్నది ఉద్దేశం. తెరిచిన ఏడాదిలోపే ఆ బాట ఊళ్ళో తగాదాలకు కారణమైంది. రహదారి భద్రత పనులు చూసే ఇంజనీరుగా నన్ను పిలిచింది ఆ దశలోనే. ఊరి పేరు, పాయ పేరు, సంవత్సరం, మనుషుల ఆనవాళ్ళు ఇక్కడ ఇవ్వడం లేదు. నేను చేసిన పొరపాట్లను మాత్రం దాచడం లేదు, ఎందుకంటే ఈ కేసులో పనికొచ్చే భాగం ఎక్కువగా వాటిలోనే ఉంది.

ఏటిగట్టును రోడ్డుగా చూడటంతోనే సగం ఇబ్బందులు మొదలవుతాయి. ధవళేశ్వరం దగ్గర బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు కట్టిన ఆనకట్టకు దిగువన నది పాయలుగా విడిపోతుంది. వరద నిండుగా ఉన్న రోజుల్లో పాయలో నీరు పక్కనున్న పొలాలకన్నా, ఇళ్ళకన్నా ఎత్తులో పారుతుంది కాబట్టి ఊరికి గట్టే రక్ష. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ రోజుల్లో గట్టు మీద లస్కర్లు, అంటే గట్టు కాపలా సిబ్బంది, రాత్రింబవళ్ళు తిరుగుతూ ఎక్కడైనా ఊట కనిపిస్తుందా, ఎలుక బుంగల్లోంచి నీరు చిమ్ముతోందా అని చూస్తుంటారు, అవసరమైతే ఇసుక బస్తాల లారీ గట్టు మీదికి రావాలి. 1986 ఆగస్టు వరదను చూసినవారు ఇంకా ఉన్న ఊరు అది. గట్టు మీద గునపం దించుతానంటే అక్కడ ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

గట్టు జలవనరుల శాఖది, బాట మునిసిపాలిటీది. మధ్యలో ఒక రేవు ఉంది. ఎదుటి లంక నుంచి మనుషులను, సరుకును దాటించే పంటు (పడవ) అక్కడికే వస్తుంది, దాని హక్కు రేవు పాట (వేలం) పాడుకున్నవారిది. బాట పథకం తయారైనప్పుడు మొదటి రెండు పక్షాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. మూడో పక్షాన్ని ఎవరూ పిలవలేదు.

గట్టు పైభాగం వెడల్పు అయిదున్నర మీటర్లు. అందులో మూడు మీటర్ల కాంక్రీటు బాట, నది వైపు ఇనుప కమ్మీల రెయిలింగు, ఊరి వైపు సన్నటి మట్టి అంచు, దాని పక్కన బాట పొడవునా మోకాలెత్తు పిట్టగోడ ఉన్నాయి. రేవు మెట్లు 2015 పుష్కరాలకు కట్టినవి. మెట్ల పక్కనే సరుకు ఎక్కించుకోవడానికి రాళ్ళు పరిచిన ఏటవాలు ఉంది. మెట్లు, ఏటవాలు రెండూ పైకొచ్చి నేరుగా బాటలోనే కలుస్తాయి.

సమస్య ఎలా వచ్చింది

విశ్రాంత ఉద్యోగి ఒకరు తెల్లవారుజామున నడుస్తుండగా వెనక నుంచి వచ్చిన సైకిలు తగిలి పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. అంతకుముందు నుంచే ఉన్న అసంతృప్తికి ఇది నిప్పురవ్వ అయింది. ఉదయం అయిదు నుంచి ఎనిమిది వరకు గట్టు మీద సైకిళ్ళను నిషేధించాలని నడక సంఘంవారు వినతిపత్రం ఇచ్చారు. హెల్మెట్లు పెట్టుకుని దూరాలు తొక్కే యువకుల బృందం దానికి పోటీగా మరో వినతిపత్రం ఇచ్చింది. నలుగురేసి వరసగా నడిచి దారంతా ఆక్రమించేది నడిచేవాళ్ళేనని వాళ్ళ వాదన. రెండు కాగితాల్లోనూ నిజం ఉంది. నేను మొదట గమనించని విషయం వేరే ఉంది. విరిగిన మణికట్టుకు కారణమైన సైకిలు ఈ యువకులది కాదు, అరటి గెలలు కట్టుకుని లంక నుంచి వచ్చిన రైతుది. ఆయన తరఫున ఏ వినతిపత్రమూ లేదు. నేను మొదటి వారమంతా ‘సైకిలువాళ్ళు’ అన్న ఒకే మాటతో ఇద్దరినీ కలిపేసి మాట్లాడాను.

నిషేధం ఎందుకు వద్దన్నాను

నిషేధం సులువుగా కనిపించే దారి. ఒక బోర్డు, ఒక హోంగార్డు ఉంటే చాలు. దాన్ని కాదనడానికి నాకు రెండు కారణాలు కనిపించాయి. మొదటిది, గట్టు దిగితే ఉన్న రోడ్డు ఇసుక లారీలు తిరిగే రోడ్డు, దానికి అంచు కూడా సరిగా లేదు. గట్టు మీద సైకిలు తగిలితే మణికట్టు పోతుంది, అక్కడ లారీ తగిలితే మనిషే పోతాడు. ప్రమాదాన్ని మన బాట మీద నుంచి పక్క రోడ్డు మీదికి నెట్టి, మన రిజిస్టరులో కనబడదు కాబట్టి తగ్గిందనుకోవడం మా వృత్తిలో అందరూ చేసే తప్పే. రెండోది, పంటు మొదటి ఖేవా (ట్రిప్పు) తెల్లవారుజామునే వస్తుంది. నిషేధ సమయం సరిగ్గా దాని మీద పడుతుంది కాబట్టి పాటించడం సాధ్యం కాదు. పాటించలేని నియమం పెడితే ఆ తర్వాత పెట్టే నియమాలకు కూడా విలువ పోతుంది.

కమిషనరుగారు ఒప్పుకున్నారు కానీ ‘మరి ఏం చేద్దాం’ అని అడిగారు. దానికి నేను ఇచ్చిన జవాబు తొందరపాటు జవాబు.

మొదటి ప్రయత్నం: గీత

బాట మధ్యలో పసుపు గీత గీసి, నది వైపు సగం నడకకు, ఊరి వైపు సగం సైకిళ్ళకు కేటాయించమన్నాను. గీత గీయడానికి మూడు రోజులు పట్టింది. అది పనిచేయదని తేలడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

కాగితం మీద లెక్క వేసి ఉంటే ముందే తెలిసేది. పక్కపక్కన ఇద్దరు మాట్లాడుకుంటూ నడవడానికి దాదాపు మీటరున్నర కావాలి. ఎదురుగా మరో ఇద్దరు వస్తే మూడు మీటర్లు కావాలి. సైకిలు వెడల్పు తక్కువే అయినా తొక్కేటప్పటి ఊగుడు కలుపుకుంటే ఒక మీటరు దాకా పడుతుంది. మూడు మీటర్లను రెండుగా చీలిస్తే ఒక్కో సగం మీటరున్నర, అందులోనే రాకా పోకా రెండూ జరగాలి. రెయిలింగు, పిట్టగోడ పక్కన మనిషి ఆనుకుని నడవడు, కొంత ఎడం వదులుతాడు కాబట్టి నిజంగా మిగిలేది ఇంకా తక్కువ. కలిసి వాడుకునే బాటకు మూడు మీటర్లు కనీసమని అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం ‘ఆష్టో’ మార్గదర్శకం చెబుతుంది. ఒకరిని దాటుతుండగా ఎదురుగా ఇంకొకరు రావాలంటే మాత్రం 11 అడుగులు, అంటే దాదాపు 3.4 మీటర్లు కావాలంటుంది. మన బాటకు ఆ కనీసం మాత్రమే ఉంది, దాన్ని కూడా నేను గీతతో రెండు ముక్కలు చేశాను.

గీత వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. అంతకుముందు సైకిలువారు మనుషులను చూసి నెమ్మదించేవారు. గీత వచ్చాక ‘ఇది నా సగం’ అన్న ధీమాతో వేగం తగ్గించడం మానేశారు. నడిచేవారు గీత దాటి ఒక్క అడుగు వేస్తే గొడవ అయ్యేది. అప్పటిదాకా సర్దుబాటుగా ఉన్న చోట గీత హద్దు తగాదాను తెచ్చిపెట్టింది.

రెండో ప్రయత్నం: గట్లు

రేవు దగ్గర వేగం తగ్గించడానికి బాట మీద అడ్డంగా చిన్న చిన్న గట్లు, అంటే రంబుల్ స్ట్రిప్స్ వేయాలని మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగం ప్రతిపాదించింది. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. దూరాలు తొక్కేవారి సన్న టైర్లకు అవి ఇబ్బందే, వాళ్ళు నిజంగానే నెమ్మదించారు. కానీ బరువు సైకిళ్ళవారు వాటిని తప్పించుకోవడానికి పక్కనున్న మట్టి అంచులోకి దిగడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పుల వల్ల కాంక్రీటు వద్దనుకుని మట్టిలో పరుగెత్తేవారు ఉండేది సరిగ్గా అక్కడే. అంటే తగాదా రెండు మీటర్లు పక్కకు జరిగింది, అంతే. ఒక పెద్దావిడ చెప్పు ఆ చిన్న గట్టుకు తట్టుకుని పడబోయింది, పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఆ వారంలోనే వాటిని తీయించాం.

గెలలు కట్టిన సైకిలును నేను దగ్గరగా చూసింది ఈ దశలోనే. ఒక రైతు సైకిలును చెట్టుకు ఆనించి ఉంటే అనుమతి అడిగి టేపు పెట్టి కొలిచాను. క్యారియరుకు రెండు పక్కలా రెండేసి గెలలు, వాటిమధ్య ఎండుటాకులు కుక్కి తాడుతో బిగించాడు. వెడల్పు 1.1 మీటర్లు వచ్చింది. బ్రేకులు పాతకాలపు రాడ్ బ్రేకులు, రబ్బరు ఒక పక్క పూర్తిగా అరిగిపోయి లోహం తెల్లగా మెరుస్తోంది. రేవు దగ్గర ‘సైకిలు దిగి నడిపించండి’ అన్న బోర్డు ఉంది కదా అని అడిగాను.

‘దిగితే మళ్ళీ ఎక్కలేనండి. ఎవరో ఒకరు వెనకాల పట్టుకోవాలండి. ఇక్కడ పట్టుకునేవాళ్ళెవరున్నారు?’ అన్నాడాయన.

ఆ బోర్డు పెట్టించింది కూడా నేనే.

మూడో ప్రయత్నం: కింది బాట

గట్టుకు నది వైపు వాలులో, మెట్లకు ఎగువన, చదునైన మెట్టు లాంటి భాగం ఉంది. నడిచేవారికి అక్కడ వేరే దారి చేస్తే పైన సైకిళ్ళకు ఖాళీ దొరుకుతుందని నడక సంఘంలోనే ఒకరు సూచించారు. నీటికి దగ్గరగా, చల్లగా ఉంటుందని అందరికీ నచ్చింది. గట్టు తవ్వే పని లేదు, పైన గ్రావెల్ పరిచి చదును చేస్తే చాలు కాబట్టి జలవనరుల శాఖ కూడా తాత్కాలికంగా అనుమతించింది. దీనికి నేను ఒప్పుకున్న కారణం ఒక్కటే, ఖర్చు తక్కువ, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఆలోచనను ఇప్పటికీ తప్పనుకోను. కానీ ఆ చదును భాగం మొదటి హెచ్చరిక మట్టం కంటే చాలా ముందే మునిగిపోతుంది. జులైలో ఎర్రనీరు వచ్చింది, పోతూ పోతూ చీలమండల దాకా ఒండ్రు వదిలింది. ఎండితే పెచ్చులుగా లేస్తుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. దాన్ని ఏటా ఎవరు ఎత్తిపోస్తారన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. కింది బాటను వదిలేశాం.

మలుపు తిరిగిన ఉదయం

మూడు ప్రయత్నాలు అయిపోయాక, ఇకపై ఏ పనీ చేయించకుండా ముందు కూర్చుని చూడాలని నిర్ణయించుకున్నాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. అప్పటిదాకా నా దగ్గర ఉన్న లెక్క పథకం తయారీకి చేసిన సర్వే లెక్కే. అది గట్టు రెండు చివర్లలో నిలబడి లోపలికి వచ్చేవారిని లెక్కించింది, వ్యాయామానికి వచ్చేవారందరూ అందులో ఉన్నారు. మధ్యలో రేవు నుంచి పైకొచ్చేవారు ఆ సర్వేకు కనబడనే లేదు.

రావిచెట్టు అరుగు మీద కూర్చుని ప్రతి ఉదయం ఒక కాగితం నింపేవాణ్ణి. గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినా, పక్కకు దూకాల్సి వచ్చినా, ఎవరైనా ఎవరినైనా తాకినా ఒక గుర్తు, పక్కన చోటు, సమయం, ఎవరికీ ఎవరికీ మధ్య అన్నది. జరిగిన ప్రమాదాల లెక్క చాలా చిన్నది, దాని మీద ఆధారపడితే ఏళ్ళు పడుతుంది. తృటిలో తప్పినవి రోజూ కనిపిస్తాయి, అవీ అదే చోట, అదే కారణంతో జరుగుతాయి. రెండో రోజుకే బొమ్మ స్పష్టమైంది. రెండు కిలోమీటర్ల బాటలో గుర్తులన్నీ దాదాపు ఒకే నాలుగువందల మీటర్లలో, పంటు ఆనిన తర్వాతి ఇరవై నిమిషాల్లో పడుతున్నాయి. మిగతా బాట ప్రశాంతంగా ఉంది. నలుగురు వరసగా నడిచినా, యువకులు బెల్లు కొట్టుకుంటూ పోయినా, అక్కడ ఏదో విధంగా సర్దుకుంటున్నారు.

ఆ నాలుగువందల మీటర్లు రేవు నుంచి దిగువన ఉన్న ర్యాంపు దాకా. బరువు సైకిళ్ళన్నీ రేవు నుంచి గట్టెక్కి, బాట వెంట అంత దూరం తొక్కి, అక్కడ ఊరిలోకి దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి అరటి మార్కెట్టుకు పోతున్నాయి. మార్కెట్టు మాత్రం రేవుకు సరిగ్గా ఎదురుగానే ఉంది. గట్టు మీద నిలబడితే కాటాలు వేలాడదీసిన రేకుల షెడ్డు కనబడుతుంది.

ఇంత చుట్టు ఎందుకని పక్కనే బీడీ కాల్చుకుంటున్న లస్కరును అడిగాను. ఆయన లేచి, ఊరి వైపు పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్ళి కిందికి చూపించాడు. వాలు మీద గడ్డి అంతటా పచ్చగా, గుబురుగా ఉంది. ఒక్కచోట మాత్రం రెండు పొడవాటి చారల్లో పొట్టిగా, పసుపుగా ఉంది, ఆ చారల కింద నేల గట్టిపడి ఉంది. ‘ర్యాంపు ఇక్కడుండేదండి. గోడ కట్టాక మూసేశారు. పాత కాంక్రీటు చెత్తంతా ఇక్కడే పోశారు’ అన్నాడు.

బాట వేసినప్పుడు, నడిచేవారు జారి పడకుండా ఊరి వైపు అంచున పిట్టగోడ కట్టారు. గోడ వరసగా ఉండాలన్న పట్టుదలలో పాత ర్యాంపు తల మీదుగా కూడా కట్టేశారు. బాట రాకముందు లంక సైకిళ్ళు రేవు నుంచి పైకొచ్చి, గట్టును అడ్డంగా దాటి, ఎదురుగా ర్యాంపు దిగి మార్కెట్టుకు పోయేవి. గట్టు మీద వాళ్ళు గడిపేది కొన్ని క్షణాలే. అడ్డంగా దాటేవారిని మన బాట పొడవునా నాలుగువందల మీటర్లు తొక్కేవారిగా మార్చేసింది. ఆ తర్వాత వాళ్ళు దారికి అడ్డం వస్తున్నారని ఫిర్యాదు చేసి, వాళ్ళ వేగం తగ్గించడానికి గట్లు వేసి, దిగి నడవమని బోర్డు పెట్టాం.

పనిచేసింది

పాత ర్యాంపును తిరిగి తెరవడమే అసలు పని. చెత్త ఎత్తించాం, గోడను ఆ ఒక్కచోట మూడున్నర మీటర్ల మేర తీయించాం. గట్టు శరీరంలో ఎక్కడా కోత పెట్టలేదు. పాత ర్యాంపు గట్టుకు అదనంగా పోసిన మట్టే కాబట్టి జలవనరుల శాఖకు అభ్యంతరం లేకపోయింది. వరద సమయంలో లారీ ఎక్కడానికి ఇంకో దారి దొరికిందని వాళ్ళు సంతోషించారు కూడా.

ఇక దాటే చోటు ఎలా ఉండాలన్నదే మిగిలిన ప్రశ్న, ఎక్కువ ఆలోచించింది దాని మీదే. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి? బాట మీద వెళ్ళేవారు ఎక్కువ, దాటేవారు తక్కువ కాబట్టి దాటేవారే ఆగాలని సాధారణ పద్ధతి చెబుతుంది. నేను దానికి విరుద్ధంగా వెళ్ళాను. ఏటవాలు ఎక్కుతున్న బరువు సైకిలు మధ్యలో ఆగితే వెనక్కి జారుతుంది, దాన్ని తోస్తున్న మనిషి కూడా దానితోపాటే జారతాడు. నడిచే మనిషికి రెండు అడుగులు ఆగడం ఖర్చు లేని పని. ఆగగలిగినవారే ఆగాలన్నది నేను పెట్టుకున్న కొలమానం. అందుకని బాట మీద రెండు వైపులా దాటే చోటుకు ముందు కాంక్రీటు ఉపరితలాన్ని గరుకు చేయించి, ‘సరుకు సైకిళ్ళకు దారి ఇవ్వండి’ అని నేల మీదే పెద్ద అక్షరాలతో రాయించాం. స్తంభం పాతే అనుమతి లేదు, అవసరం కూడా లేదు. నడిచేటప్పుడు మనిషి చూపు నేల మీదే ఉంటుంది.

నడక సంఘం మొదట ఒప్పుకోలేదు. మా కోసం కట్టిన బాటలో మేం ఆగడమేమిటని ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. సమావేశంలో వాదించడం మానేసి మర్నాడు పంటు వచ్చే వేళకు ఆయన్ను ఏటవాలు దగ్గరికి రమ్మన్నాను. ఒక కుర్రాడు గెలల సైకిలును తోస్తూ సగం దాకా వచ్చి ఊపిరి అందక ఆగబోతే, ఆ పెద్దాయనే వెళ్ళి వెనక చెయ్యేశారు. ఆ తర్వాత సంఘంలో ఈ ప్రశ్న రాలేదు.

రేవుకు కొంచెం దిగువన బాట ఒక వంపు తిరుగుతుంది. అక్కడ గుర్తులు తక్కువే అయినా పడిన ప్రతిదీ ప్రమాదకరమైనదే. లెక్క సులువు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలువాడు అడ్డం చూసి స్పందించడానికి రెండున్నర సెకన్లు తీసుకుంటే అప్పటికే దాదాపు 14 మీటర్లు ముందుకొస్తాడు. తడి నేల మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 10 మీటర్లు కావాలి. అంటే 24 మీటర్లు కనబడాలి, అక్కడ కనబడేది 11. చూపుకు అడ్డం వస్తున్నది చెట్టు కాదు, వంపు లోపలి అంచున పెట్టిన టీ బండి, దాని చుట్టూ గ్లాసులు పట్టుకుని నిలబడే నడక మిత్రులు. బండి నడిపే ఆవిడను పక్కకు జరగమనడం అధికారులకు ఒక్క మాట పని. కానీ ఆవిడ అక్కడ నిలబడటానికి కారణం ఉంది, నడక ముగించినవారు ఆగేది అక్కడే. తెరిచిన ర్యాంపు తల దగ్గర ఊరి వైపు కొంచెం విశాలంగా ఉంది, పంటు దిగినవారు కూడా ఆ దారినే పోతారు. అది చూపించాక ఆవిడ తనంతట తానే బండిని తోయించుకుంది. రావిచెట్టు కింది బెంచీలను కూడా బాట వైపు నుంచి నది వైపుకు తిప్పించాం. కూర్చున్నవారి కాళ్ళు బాటలోకి చాచుకుని ఉండటం అంతకుముందు నేను గమనించని చిన్న అడ్డంకి.

దూరాలు తొక్కే యువకులతో మాట్లాడటం ఊహించినదానికన్నా తేలికైంది. వేగంగా తొక్కేది ఊరు దాటాక, గట్టు ఖాళీగా ఉన్న చోటే అని, ఊరి మేర బెల్లు కొట్టి నెమ్మదిగా పోతామని ఒప్పుకున్నారు. కార్తీకమాసంలో మాత్రం తెల్లవారుజామున స్నానాలకు, దీపాలు వదలడానికి వచ్చే జనంతో రేవు పైభాగం నిండిపోతుంది. ఆ నెల రోజులు ఆ మేర సైకిలు మీద పోవద్దని వాళ్ళే చెప్పుకున్నారు.

ఆ తర్వాత కూడా అరుగు మీద కూర్చుని, అదే సమయంలో, అదే పద్ధతిలో కాగితం నింపాను. ముందు ప్రతి ఉదయం నిండిన పేజీలో ఇప్పుడు ఒకటీ అరా గుర్తులు పడుతున్నాయి. కొన్ని ఉదయాలు ఖాళీగానే పోయాయి. బరువు సైకిళ్ళు గట్టు మీద ఉండేది కొన్ని క్షణాలే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. గీత చెరిపించడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఒకసారి రంగు వేశాక అది పూర్తిగా పోదు, ఇప్పటికీ వానలో లీలగా కనబడుతుంది.

పూర్తిగా తేలనివి

మోటారు సైకిళ్ళు గట్టెక్కకుండా రెండు చివర్లలో ఇనుప బొల్లార్డులు, అంటే పొట్టి అడ్డు స్తంభాలు, పెట్టారు. వాటి తాళాలు కార్యాలయంలో ఉండిపోయాయి. రెండో హెచ్చరిక వచ్చిన రాత్రి ఇసుక బస్తాల లారీ బయటే ఆగిపోయి, కూలీలు బస్తాలు భుజాన మోయాల్సి వచ్చింది. అదృష్టవశాత్తు ఆ రాత్రి ఊట చిన్నదే. ఇప్పుడు మధ్య బొల్లార్డు ఒక్కటే తీసే రకం, దాని తాళం లస్కరు మొలతాడుకు ఉంటుంది. చక్రాల కుర్చీ పోయేంత సందు వదిలాం. చక్రాల కుర్చీ పోయే సందులోంచి మోటారు సైకిలు కూడా పోతుంది. రెండింటినీ వేరు చేసే బొల్లార్డు నాకు దొరకలేదు. పోలీసులు నిలబడిన వారాల్లో బళ్ళు రావు, నిలబడని వారాల్లో వస్తాయి.

ఈ కేసు తర్వాత నేను రెండు పద్ధతులు మార్చుకున్నాను. నదీతీర బాటకు సర్వే చేసేటప్పుడు చివర్లలో నిలబడటం మానేసి, ముందు దాన్ని అడ్డంగా కోసే దారులన్నీ నడిచి గుర్తించి, ప్రతిదాని దగ్గరా తెల్లవారుజామున ఒక మనిషిని ఉంచుతున్నాను. రేవులు, పశువులను నీళ్ళకు దించే చోట్లు, చాకిరేవులు, గుడి మెట్లు అన్నీ ఆ దారులే. గట్టుకు ఇవి బాటకన్నా పాతవి. రెండోది, రెయిలింగుగానీ, పిట్టగోడగానీ గీసిన డ్రాయింగు వస్తే, దాని వెనక ఏముందో ఆ చోటికి వెళ్ళి చూసేదాకా సంతకం పెట్టడం లేదు.

ర్యాంపు కింద, అది మార్కెట్టు రోడ్డులో కలిసే చోట, ఇప్పుడు కొత్త ఇబ్బంది మొదలైంది. దిగుతున్న బరువు సైకిలు వేగం పుంజుకుంటుంది, రోడ్డు మీద ఆటోలు షెడ్డు గోడ చాటు నుంచి వస్తాయి. అక్కడ గోడ మూలను కోయించి, ర్యాంపు చివర పది మీటర్లు చదును చేయించమని రాసిచ్చాను. 2027 పుష్కరాల పనుల జాబితాలో దాన్ని చేరుస్తామన్నారు. ఈలోగా పంటు వచ్చే వేళకు టీ బండి ఆవిడ కొడుకు కిందికి దిగి, ఆటోలను చేత్తో ఆపుతున్నాడు.